ప్రొద్దుతిరుగుడు పైరునకు నత్రజని ఎంత?

ఒకే నేలలో ప్రక్కప్రక్కనే రెండు ప్రొద్దుతిరుగుడు చేలు ఉన్నవనుకొందము. రెండింటిలోను ఒకే దినమున ఒకే రకపు విత్తనము పడినది. మొదటి చేనిలోని మొక్కలు ఛాతీ ఎత్తున, మామూలు ఆకుపచ్చ రంగులో ఉన్నవి. రెండవ చేనిలోని మొక్కలు మనిషి ఎత్తును మించి పెరిగినవి. ఆకులు వెడల్పుగా, కారుపచ్చగా నిగనిగలాడుచున్నవి. దారిన పోవువారు రెండవ చేనినే మెచ్చుకొందురు. మొదటి చేని రైతు దానిని చూచి, మరునాడే ఇంకొక బస్తా యూరియా తెచ్చి చల్లవలెనని తలచును. కాని గింజలను గానుగలో వేసి ఆడినపుడు ఏ చేనినుండి ఎక్కువ నూనె వచ్చును?

ఈ ప్రశ్నకు జవాబు చేనిగట్టుపై నిలుచుండి చెప్పదగినది కాదు. నత్రజని ఆకును పెంచును, గింజను పెంచును, నూనెను కూడ కొంతవరకు పెంచును. కాని ఈ మూడింటిని ఒకే తీరున పెంచదు. ఆ తేడా ఎక్కడ వచ్చునో తెలిసికొన్నచో ఎరువు ఎంత వేయవలెనో, ఎప్పుడు వేయవలెనో మనకే బోధపడును.

మన నేలకు వచ్చిన క్రొత్త పైరు

ప్రొద్దుతిరుగుడు పుట్టినిల్లు ఉత్తర అమెరికా. అచటి ఆదివాసులు నాలుగు వేల సంవత్సరములకు పూర్వమే దీనిని గింజ కొరకు సాగుచేసిరి. 16వ శతాబ్దములో స్పెయిను దేశస్థులు దానిని ఐరోపాకు తెచ్చిరి. చాలకాలము అది తోటలలోని అలంకారపు పువ్వుగానే ఉండెను. రష్యాలో 1829 ప్రాంతమున అలెక్సేయెవ్కా గ్రామవాసి దనీల్ బొకర్యోవ్ దీని గింజనుండి నూనె తీసినట్లు చెప్పుదురు. అటుపిమ్మట ఆ దేశమున ఇది ప్రధానమైన నూనెగింజ పైరయినది. క్రాస్నదార్‌లో వి. ఎస్. పుస్తవోయిత్ అను శాస్త్రజ్ఞుడు దశాబ్దములపాటు మంచి మొక్కలను ఏరి పెంచుచు, గింజలో నూటికి 30 పాళ్ళుగా ఉన్న నూనెను 50 పాళ్ళ దరిదాపులకు తెచ్చెను.

ఆ రష్యా రకములే 1969లో నూనె పంటగా సాగుచేయుటకై భారతదేశమునకు వచ్చినవి. తెలుగు ప్రాంతములలో రాయలసీమ రేగడి నేలలకు, తెలంగాణ చెలకలకు ఈ పైరు ప్రాకినది. 1990 తరువాతి దశాబ్దములో దేశమున ఇది 20 లక్షల హెక్టార్లకు మించి ఉండెడిది. తరువాత బాగుగ తగ్గిపోయినది. ఇప్పుడు మనము వాడు ప్రొద్దుతిరుగుడు నూనెలో అధిక భాగము విదేశములనుండి ఓడలలో వచ్చుచున్నది. కావున మన చేలలో పండిన ప్రతి గింజలోను ఎంత నూనె కలదను ప్రశ్న రైతుకే కాదు, దేశమునకు కూడ సంబంధించినది.

గాలిలో ఉన్నది, మొక్కకు అందదు

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. అయినను మొక్క ఆ నత్రజనిని నేరుగా తీసికొనలేదు. గాలిలో రెండు నత్రజని పరమాణువులు మూడు బంధములతో గట్టిగా పెనవేసికొని ఉండును. వాటిని విడదీయుట తేలిక కాదు. మెరుపులు కొంత విడదీయును. కంది, పెసర, వేరుశనగ వంటి మొక్కల వేరుబుడిపెలలోని రైజోబియం అను సూక్ష్మజీవులు కొంత విడదీయును. ప్రొద్దుతిరుగుడు వేళ్ళకు అట్టి బుడిపెలు లేవు. అది నేలలో ఉన్నదానిపైననే ఆధారపడవలెను.

1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమోనియాగా మార్చు పద్ధతిని చేసి చూపెను. కార్ల్ బాష్ దానిని కర్మాగారమునకు తగినట్లు తీర్చగా 1913లో జర్మనీలోని ఒప్పావులో ఉత్పత్తి ఆరంభమైనది. నేటి యూరియా ఆ అమోనియానుండియే తయారగును. నూరు కిలోగ్రాముల యూరియాలో 46 కిలోగ్రాముల నత్రజని కలదు.

నేలపై పడిన యూరియాను సూక్ష్మజీవులనుండి వచ్చు యూరియేజు అను ఎంజైము అమోనియాగా విడగొట్టును. తరువాత వేరు జాతుల సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. మొక్క వేళ్ళు ముఖ్యముగా ఈ నైట్రేటునే నీటితోపాటు పీల్చుకొనును. ఇచట ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. నేలలో తడి లేనిచో ఈ మార్పులేవియు సరిగా జరుగవు, వేళ్ళు పీల్చుకొనజాలవు. ఎండిన నేలపై చల్లిన యూరియాలో కొంత అమోనియాగా గాలిలో కలిసిపోవును.

ఆకులో నత్రజని చేయు పని

మొక్కను ఆకుపచ్చగా చేయు పత్రహరితము యొక్క నడుమ ఒక మెగ్నీషియము పరమాణువు, దానిచుట్టు నాలుగు నత్రజని పరమాణువులు కలవు. నత్రజని లేనిదే ఆకుపచ్చ రంగు లేదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి చక్కెరగా మార్చు ఎంజైములన్నియు మాంసకృత్తులే. వాటిలో నూటికి సుమారు 16 పాళ్ళు నత్రజని. కనుక నత్రజని తగినంత దొరికిన మొక్క వెడల్పయిన ఆకులను వేసి, ఎండను ఎక్కువగా పట్టి, ఎక్కువ చక్కెరను తయారుచేయును. గింజలోని నూనెకు మూలము ఆ చక్కెరయే.

ప్రొద్దుతిరుగుడు పువ్వు ఒక పువ్వు కాదు, వందలకొలది చిన్న పువ్వుల సమూహము. అంచున ఉన్న పసుపుపచ్చని రేకుల పువ్వులు గింజ కట్టవు. నడుమ పళ్ళెములో ఉన్నవే గింజలగును. ఎన్ని చిన్న పువ్వులు రావలెనను నిర్ణయము మొగ్గ కంటికి కనబడుటకు పూర్వమే కాండపు కొనలో జరిగిపోవును. ఆ దశలో నత్రజనికి కరవు వచ్చినచో పళ్ళెము చిన్నదగును. తరువాత ఎంత ఎరువు వేసినను పుట్టని పువ్వులు పుట్టవు.

పూత కాలమునకే మొక్క తనకు కావలసిన నత్రజనిలో అధిక భాగమును నేలనుండి తీసికొని ఉండును. గింజ నిండు సమయమున ఆకులలోని మాంసకృత్తులు విడిపోయి, ఆ నత్రజని గింజలోనికి చేరును. గింజ ముదురుచుండగా క్రింది ఆకులు పండి రాలుటకు ఇది ఒక కారణము.

కరవు లక్షణములను గుర్తించుట కూడ దీనివలన సులభము. నత్రజని మొక్కలో కదలగలది. అది చాలనపుడు మొక్క ముసలి ఆకులనుండి తీసి లేత ఆకులకు పంపును. అందువలన పసుపురంగు మొదట క్రింది ఆకులలో కనబడును. కొన ఆకులు మొదట పసుపెక్కినచో లోపము గంధకము, ఇనుము వంటి వేరొక పదార్థమున ఉండవచ్చును. అట్టి చోట యూరియా చల్లిన ప్రయోజనము లేదు.

గింజలోపలి లెక్క

ఇపుడు అసలు విషయమునకు వత్తము. గింజలోని పప్పు రెండు ముఖ్యమైన నిలువలను దాచుకొనును. ఒకటి నూనె, రెండవది మాంసకృత్తు. రెండింటికిని కర్బనము ఆకులు పంపు చక్కెరనుండియే రావలెను. కాని ఖరీదులు వేరు. మొక్క ఒక గ్రాము పిండిపదార్థమును చేయుటకు 1.2 గ్రాముల గ్లూకోజు చాలును. నైట్రేటునుండి ఒక గ్రాము మాంసకృత్తును చేయుటకు సుమారు రెండున్నర గ్రాములు కావలెను. ఒక గ్రాము నూనెకు సుమారు మూడు గ్రాములు కావలెను. నూనె మొక్కకు మిక్కిలి ఖరీదైన సరకు.

నత్రజని అధికమైనచో గింజకు ఎక్కువ ఆమ్లములు, అనగా మాంసకృత్తుల ముడిసరకయిన అమైనో ఆమ్లములు, చేరును. వచ్చిన చక్కెరలో ఎక్కువ పాలు మాంసకృత్తులకు పోవును. నూనెకు మిగులు పాలు తగ్గును. అందుచేత నత్రజని మోతాదు పెరిగినకొలది ప్రొద్దుతిరుగుడు గింజలో మాంసకృత్తు శాతము పెరుగుట, నూనె శాతము తగ్గుట అనేక దేశముల క్షేత్ర ప్రయోగములలో కనబడిన సంగతి.

అట్లయిన నత్రజని వేయకుండుటయే మేలా? కాదు. శాతము వేరు, మొత్తము వేరు. ఒక ఊహా లెక్కను చూడుడు. ఇవి లెక్క కొరకు వేసికొన్న అంకెలే గాని ఏ పొలమున కొలిచినవి కావు. ఒక హెక్టారు చొప్పున మూడు మళ్ళు ఉన్నవనుకొందము.

మొదటి మడికి నత్రజని వేయలేదు. గింజ 800 కిలోగ్రాములు, నూనె నూటికి 43. మొత్తము నూనె 344 కిలోగ్రాములు.

రెండవ మడికి తగినంత వేసితిమి. గింజ 1,400 కిలోగ్రాములు, నూనె నూటికి 41. మొత్తము నూనె 574 కిలోగ్రాములు.

మూడవ మడికి దానికి రెట్టింపు వేసితిమి. గింజ 1,430 కిలోగ్రాములు, నూనె నూటికి 39. మొత్తము నూనె 558 కిలోగ్రాములు.

మొదటి మడినుండి రెండవ మడికి వచ్చినపుడు శాతము తగ్గినను నూనె ఎంతయో పెరిగినది. రెండవదానినుండి మూడవదానికి వచ్చినపుడు గింజ 30 కిలోగ్రాములు పెరిగి, నూనె 16 కిలోగ్రాములు తగ్గినది. ఎరువును పెంచినకొలది ప్రతి అదనపు మోతాదు తెచ్చు లాభము తగ్గుచు వచ్చునను నియమమును జర్మను శాస్త్రజ్ఞుడు మిట్షర్లిఖ్ 1909లో గణితరూపమున చెప్పెను. ప్రొద్దుతిరుగుడు విషయమున గింజ పెరుగుదల మందగించిన తరువాత కూడ నూనె శాతము తగ్గుచునే ఉండును. అందువలన నూనె దిగుబడి గరిష్ఠమగు మోతాదు, గింజ దిగుబడి గరిష్ఠమగు మోతాదుకంటె ముందుగనే వచ్చును.

చిక్కు ఎక్కడనగా, మన సంతలలో గింజను సాధారణముగా తూకముతో కొందురు. నూనె శాతమునుబట్టి ధర కట్టుట అరుదు. 30 కిలోగ్రాములు పెరిగినట్లు రైతునకు కనబడును. 16 కిలోగ్రాముల నూనె పోయినట్లు ఎవరికిని కనబడదు. ప్రభుత్వ రాయితీ వలన యూరియా ధర తక్కువ. కనుక చేయి ధారాళముగా చల్లును. తప్పు రైతుది మాత్రమే అనరాదు. కనబడని దానిని కొలుచు త్రాసు అతని చేతిలో లేదు.

అతి అయినచో

అధికమైన నత్రజని నష్టము నూనెతో ఆగదు. కాండము వేగముగా పెరిగి మెత్తబడును. దానిపై బరువైన పళ్ళెము ఉండుటచే గాలివానకు పైరు పడిపోవును. దట్టమైన ఆకులనడుమ గాలి ఆడక తేమ నిలుచును. ఆకుమచ్చ, కుళ్ళు తెగుళ్ళకు అది అనువు. లేత, రసవంతమైన ఆకులు రసము పీల్చు పురుగులను ఆకర్షించును. పైరు ఆలస్యముగా పక్వమగును. వర్షాధారపు చేనిలో ఇంకొక ప్రమాదము కలదు. పెద్ద ఆకులు నేలలోని తడిని త్వరగా ఖర్చుచేయును. గింజ నిండు సమయమునకు నీరు మిగులక తాలు గింజలు పెరుగును.

పైరు తీసికొనని నైట్రేటు నేలలో కట్టుబడి ఉండదు. అది వాననీటితో క్రిందికి దిగి బావులలో చేరును. త్రాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకంటె ఎక్కువ నైట్రేటు ఉండరాదని మన దేశపు ప్రమాణము. అంతకు మించిన నీటితో పాలు కలిపి పట్టినచో పసిబిడ్డల రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోవు ప్రమాదము కలదు. నీరు నిలిచిన నేలలో నైట్రేటు నైట్రస్ ఆక్సైడు అను వాయువుగా కూడ మారును. భూమిని వేడెక్కించుటలో అది బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువుకంటె రమారమి 270 రెట్లు బలమైనది. చేనిలో వృథాయైన పిడికెడు ఎరువు ఊరి బావిని, ఆకాశమును కూడ తాకును.

ఎంత, ఎప్పుడు?

వేయి కిలోగ్రాముల గింజలో నూటికి 16 పాళ్ళు మాంసకృత్తు ఉన్నదనుకొన్నచో, 160 కిలోగ్రాముల మాంసకృత్తు, దానిలో సుమారు 26 కిలోగ్రాముల నత్రజని ఉండును. అంతయు చేనినుండి గింజతో వెళ్ళిపోవును. ఆకులకు, కాండమునకు కావలసినది దీనికి అదనము. మన నేలలలో సేంద్రియ పదార్థము తక్కువ, నత్రజని తక్కువ. కావున ఎరువు వేయక తప్పదు. నీటి వసతినిబట్టి, నేలనుబట్టి హెక్టారునకు 60 నుండి 90 కిలోగ్రాముల నత్రజని సాధారణపు మోతాదు. భూసార పరీక్ష చేయించి దీనిని సరిదిద్దుకొనవలెను.

అంతయు ఒకేసారి వేయరాదు. విత్తునపుడు సగము, మొగ్గ తొడుగు వేళ అనగా 30వ దినము దాపున నాలుగవ వంతు, పూత ఆరంభమగు 50వ దినము దాపున మిగిలిన నాలుగవ వంతు వేయుట మంచిది. మొదటి సగము పళ్ళెపు పరిమాణమునకు, రెండవది ఆకులకు, మూడవది గింజ నిండుటకు తోడ్పడును. ప్రతిసారి నేలలో తడి ఉన్నపుడే వేసి మట్టితో కప్పవలెను.

ప్రొద్దుతిరుగుడు తల్లివేరు అనువైన లోతు నేలలో రెండు మీటర్లవరకు దిగగలదు. ముందటి పైరు విడిచిన నైట్రేటు లోతుకు జారియున్నను దీనికి అందును. కంది, పెసర, శనగ వంటి పైరు తరువాత విత్తినపుడు, లేక బాగుగ చివికిన పశువుల ఎరువు వేసినపుడు, ఆ మేరకు యూరియాను తగ్గించవచ్చును.

ఒక్క నత్రజనియే చాలదు. అంచు ఒకచోట విరిగిన కుండలో నీరు ఆ విరిగిన చోటువరకే నిలుచును. మిగిలిన అంచు ఎంత ఎత్తున్నను లాభము లేదు. భాస్వరము, పొటాషు, గంధకము, బోరాను అట్టి అంచులే. గంధకము లేనిదే మొక్క తన మాంసకృత్తులను పూర్తిగా కట్టుకొనలేదు. బోరాను లోపించినచో పళ్ళెము నడుమ గింజలు తాలుపోవును. అందుకే అంచు రేకులు విచ్చుకొను వేళ లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్సు కలిపి పువ్వుపై చల్లుట ఆచారము. విరిగిన అంచు వేరొకచోట ఉండగా యూరియా పోయుట వృథా.

పాఠశాలలో ఒక ప్రయోగము

పై విషయమును విద్యార్థులు స్వయముగా చూడవచ్చును. రేగడి నేలలో వరుసల నడుమ 60 సెంటీమీటర్లు, మొక్కల నడుమ 30 సెంటీమీటర్లు దూరముంచుదురు. అనగా ఒక మొక్కకు 0.18 చదరపు మీటరు, హెక్టారునకు సుమారు 55,500 మొక్కలు. హెక్టారునకు 75 కిలోగ్రాముల నత్రజని వేసినచో ఒక మొక్కకు 1.35 గ్రాములు, అనగా సుమారు 3 గ్రాముల యూరియా. ఈ లెక్కను తరగతిలో విద్యార్థులచేతనే చేయింపవలెను.

పదునైదు కిలోగ్రాముల మట్టి పట్టు కుండీలు ఎనిమిది తీసికొనుడు. అడుగున రంధ్రములుండవలెను. ఒకే చోటి మట్టిని కలిపి అన్నింటిలో నింపి, కుండీకి ఒక మొక్క ఉంచుడు. రెండు కుండీలకు యూరియా వేయవలదు. రెండింటికి 1.5 గ్రాములు, రెండింటికి 3 గ్రాములు, రెండింటికి 9 గ్రాములు పైన చెప్పిన మూడు దఫాలలో నీటిలో కరిగించి పోయుడు. ఎండ, నీరు అన్నింటికి సమానముగా ఉండవలెను. వారమునకొకసారి ఎత్తు, ఆకుల సంఖ్య, క్రింది ఆకుల రంగు వ్రాసికొనుడు. చివర పళ్ళెపు వ్యాసము, నిండు గింజల సంఖ్య, తాలు గింజల సంఖ్య, నూరు నిండు గింజల బరువు కొలువుడు. గింజలోని పప్పును తెల్లకాగితముపై నలిపినచో వెలుతురు చొరబడు మరక ఏర్పడును. అది నూనె మరక. మరకనుబట్టి శాతము చెప్పలేము గాని, చిన్న గింజలోని ఆ నూనె ఆకులు పట్టిన ఎండ యొక్క నిలువ అని విద్యార్థికి గుర్తుండిపోవును.

పట్టికలు గీసినపుడు మూడు గ్రాములనుండి తొమ్మిది గ్రాములకు పోవుటచే ఎత్తు ఎంత పెరిగినదో, గింజ ఎంత పెరిగినదో పోల్చి చూడుడు. రెండు గీతలు ఒకే తీరున పోవుచున్నవా? లేనిచో ఎక్కడ విడిపోయినవి? ఆ విడిపోయిన చోటనే ఈ వ్యాసమంతయు ఉన్నది.

మొదట చెప్పిన రెండు చేల వద్దకు మరల వత్తము. ఛాతీ ఎత్తు పైరు గల రైతు తన చేనిలోని క్రింది ఆకులను వంగి చూడవలెను. అవి పచ్చగా ఉండి, పళ్ళెములు నిండుగా ఉన్నచో అతడు ప్రక్క చేనిని చూచి బస్తా విప్పవలసిన పని లేదు. పచ్చదనము ఆకు యొక్క సంపద. పంట గింజలో ఉన్నది. ప్రొద్దుతిరుగుడు రైతునకు కావలసినది ఆ గింజలోని నూనె.